అతుకు కింది పేరు

"బకెట్ల ఎవరేసిండ్రు? చెప్తరా, చెప్పరా?"

కల్హేర్ బస్సు దిగి సందు మలుపు తిరుగుతుండగానే రోజకు మామ అరుపు వినిపించింది. ఏఎన్ఎం పని చేసేదానికి అరుపులు కొత్త కాదు. పొద్దుటినుంచీ పసిపిల్లలకు సూదులు వేసి వేసి చెవులు దిమ్మెక్కి ఉన్నాయి. కానీ లాజరు సారు ఇంత గట్టిగా అరవడం మాత్రం కొత్తే. అత్త పోయిననాడు కూడా ఆయన గొంతు ఇంతగా లేవలేదు.

గడప దాటగానే సంగతి అర్థమైంది. వాకిట్లో మంచం మీద దొర కాపీ పడి ఉంది. ఆ పాత నోటుపుస్తకం అట్ట ఉబ్బిపోయి, అంచులనుంచి బొట్టుబొట్టుగా నీళ్ళు కారుతున్నాయి. పక్కన నల్లా కింద నీలం బకెట్టు ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

"అగో, వచ్చింది తల్లి. అడుగు నీ బిడ్డను," అన్నాడు లాజరు. లుంగీ మీద బనీను, బనీను మీద ఈల. డ్రిల్లు మాస్టరుగా రిటైరై పదిహేనేళ్ళైనా ఆ మెడలోంచి ఈల దిగలేదు. "కాయితం మీద దస్కతు పెట్టలేదని కసి దీర్చుకున్నది. అరవై ఏండ్లు వానకు తడవకుంట, ఎలుక ముట్టకుంట కాపాడిన. మీసాలకు రంగేయించుకొచ్చేసరికి బకెట్ల ముంచింది."

నిజమే, మీసాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. సాయంత్రం ఫోన్లో అమెరికావాళ్ళు ముఖం చూస్తారని ముస్తాబు. వాళ్ళకు చూపడానికని కాపీని ట్రంకుపెట్టెలోంచి తీసి, ఆ ముస్తాబు కోసం దాన్ని మంచం మీదే వదిలి మంగలి దుకాణానికి పోయాడు.

"నేను ముంచలే," అంది నిరోష గోడకానుకుని. పదిహేనేళ్ళ పిల్ల, చంకలో బంతి.

"మరి దానికి కాళ్ళొచ్చినయా?"

"నాకేమెరుక తాతా. నాకు గోల్ కొట్టుడే వస్తది. దొంగపనులు రావు."

నెహెమ్యా బయట ఆటో అద్దం తుడుస్తున్నాడు. ఇంట్లో గొడవ మొదలైనప్పుడల్లా ఆ అద్దానికి దుమ్ము పడుతుంది. "తాతకు సారీ జెప్పు నిరోషా," అన్నాడు అద్దంలోకే చూస్తూ. "చెప్తే నీ సొమ్మేం బోదు."

"చెయ్యని పనికి ఎందుకు జెప్తది?" అంది రోజ మొగుడితో. "నువ్వు సూసినవా అది ముంచుడు?"

"సూడలే."

"మరి?"

"మరంటే... నాయిన అంటుండు గద."

ఇరవై ఏళ్ళ కాపురంలో రోజ విన్న మాటల్లో సగం ఈ మాటే. నాయిన అంటుండు గద. మనూర్ రోడ్డు మీద షేరాటో తోలతాడు, పదిమందిని కుక్కి గతుకుల్లో తిప్పి తెస్తాడు. ఆ హ్యాండిల్ తప్ప బతుకులో ఇంకేదీ తన చేత్తో తిప్పి ఎరగడు.

అరుగు మీద సంతోషమ్మ కందికాయలు వలుస్తూ కూర్చుంది. లాజరుకు అక్క. మనూర్‌లో మొగుడు పోయాక పుట్టింటికి చేరి నలభై ఏళ్ళు దాటింది. ఇంత రభస అవుతున్నా ఆమె తలెత్తలేదు. ఇచ్చింది వలుస్తుంది, పెట్టింది తింటుంది, అడిగితే తప్ప నోరు విప్పదు. నిజం చెప్పాలంటే రోజ కూడా ఆమెను ఆ అరుగులో ఒక భాగంగానే లెక్కేసుకుని బతికేస్తోంది.

నిరోష సంచి సర్దుకుని రెండు రోజులైంది. రేపు పొద్దున ఐదు గంటల బస్సుకు హైదరాబాద్ పోవాలి. ఆడపిల్లల ఫుట్‌బాల్ హాస్టల్‌కు ఎంపిక. ఈ ఏడు పదకొండు మ్యాచ్‌లలో ఇరవై ఆరు గోల్స్ కొట్టిన పిల్లకు చోటు దొరకడం కష్టమేం కాదు. కష్టమంతా ఒక్క కాగితం దగ్గర వచ్చిపడింది. ఆట తెలిసిన మాస్టరు ఎవరైనా చూసి సంతకం చెయ్యాలి. ఆమె బడిలో డ్రిల్లు మాస్టరు పోస్టు ఆరేళ్ళుగా ఖాళీ. హాస్టల్ కోచ్ ఏమో లాజరు శిష్యుడు. "సారు దస్కతు పెట్టిన కాయితం తెస్తేనే గ్రౌండులకు రానిస్త, లేకుంటే బస్సు కిరాయి దండుగ" అని ఫోన్లోనే తేల్చేశాడు.

ఆ సారు పెట్టడు. సిర్గాపూర్ పోరగాళ్ళకు పెడతాడు, దారిన పోయేవాడు అడిగినా పెడతాడు, మనవరాలికి మాత్రం పెట్టడు. ఆడదానికి ఫుట్‌బాల్ ఏమిటంటాడు.

ఆ మాట ఇంట్లో అని ఊరుకున్నా ఒక తీరు. మొన్న ఆదివారం పంట పండుగనాడు చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి మరీ అన్నాడు.

సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడం. అందరూ రోగం తగ్గిందనో, బోరు పడిందనో రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. లాజరు సారుకు మాత్రం ఏటేటా దేవుడు చేసిన మేలు ఒక్కటే, అది హెన్రీ ప్రస్కా దొర. ఆ దొర అమెరికాలో సీసాల కార్ఖానాలో వారమంతా చెమటోడ్చి ఆదివారం ఫార్వర్డ్ ఆడేవాడు. 1949 నుంచి తొమ్మిదేళ్ళలో రెండు వందల పద్నాలుగు గోల్స్. ఒకే మ్యాచ్‌లో ఐదేసి కొట్టిన రోజులు మూడు. దేశం జట్టులోకి పిలుపొస్తే కార్ఖానావాళ్ళు సెలవియ్యలేదు. కర్ర పట్టుకుని బంతిని బాదే ఆటకు పడిచచ్చే ఆ దేశంలో కాలితో ఆడేవాణ్ణి అడిగిన దిక్కు లేదు. 61లో మిషన్ తరఫున బావులు తవ్వించడానికి ఈ ఊరికి, ఖేడ్‌కు వచ్చాడు. మూడేళ్ళున్నాడు. మిషన్ కాంపౌండు మైదానంలో మరో నలభై ఏడు కొట్టాడు, పోయేటప్పుడు గోల్స్ రాసుకున్న కాపీని ఇక్కడే వదిలి పోయాడు. "ఆ నలభై ఏడింటికి బంతి అందిచ్చిన కాలు ఇగో, ఇదే!" అని లాజరు సారు కుడికాలు ఎత్తి చూపిస్తాడు. సంఘమంతా ఆమేన్ అంటుంది. వెనక వరుస పిల్లలకు ఈ సాక్ష్యం కంఠతా వచ్చు. ఆయన కాలు లేపే చోట వాళ్ళూ కాళ్ళు లేపుతారు.

మొన్న కాలు దించాక కొత్తగా ఇంకో మాట కలిపాడు. "ఇయ్యాల ఆడివిల్లలు గూడ ఫార్వర్డులైతరట! దొర కాపీల ఒక్క ఆడిదాని పేరు సూపియ్యుండ్రి. ఈ చేత్తోనే దస్కతు వెడత. దేవుని సన్నిధిల చెప్తున్న."

దానికీ సంఘం అలవాటుగా ఆమేన్ అంది. సాక్ష్యంలో అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆ చర్చిలో లేదు. బోరు పడింది, చర్చికి గంట కొనిస్తానని సాక్ష్యంలో అన్నవాడు, నెల తిరక్కముందే బోరు ఎండిపోయినా ఎద్దునమ్మి గంట కొనిచ్చాడు. అది ఇప్పటికీ మోగుతోంది.

"గిప్పుడెట్ల?" లాజరు మంచం చుట్టూ తిరుగుతున్నాడు. "ఏడు గంటలకు మార్గరెట్ ఫోన్ జేస్తది. దొర బిడ్డ. వాళ్ళూరి క్లబ్బుల ఆయన పేరు బోర్డుకు ఎక్కిస్తరట. ఆడున్న కాగితాలన్నీ ఎప్పుడో కాలిపోయినయట. గీ కాపీ ఒక్కటే రుజువు. ఒక్కొక్క పేజీ ఫోన్ల సూపియ్యుమన్నది. నేనేం సూపియ్యాలె? గీ బురదనా?"

"అరవకు మామా. జరుగు," అంది రోజ, భుజాన ఉన్న సంచి మంచం మీద దించుతూ.

కాపీ మీద ఆమెకేం ప్రేమ లేదు. ఆ దొర మీద అంతకన్నా లేదు. పెళ్ళై వచ్చిననాటినుంచి ఆ పేరు విని విని ఆమెకు కడుపునిండిపోయింది. కాపీ పాడైతే ఆ నేరం కడదాకా కూతురి నెత్తిమీదే ఉంటుంది, సంతకం మాట ఇక ఎత్తే పని ఉండదు. అందుకే సంచిలోంచి గాజుగుడ్డ చుట్టా, చిమటా తీసింది.

ఒక్కో పేజీ అంచును చిమటాతో లేపి, మధ్యలో గాజుగుడ్డ పరిచి, అరచేత్తో అద్దసాగింది. పుండు మీద పట్టీ మార్చినంత ఓపిక కావాలి ఆ పనికి. నిరోష అట్టముక్కతో విసురుతోంది. రాత పెన్సిల్‌తో ఉండబట్టి బతికింది. పెన్నుతో రాసి ఉంటే ఈపాటికి బకెట్టు నీళ్ళే దొర చరిత్ర అయ్యుండేవి.

"1951 నవంబర్ పదకొండు. వాన. మూడు," నిరోష పైకి చదివింది. "పక్కకు జిమ్మీ, జిమ్మీ, స్టాన్ అని ఉన్నది. ఎవరమ్మా వీళ్ళు?"

"బంతి అందిచ్చినోళ్ళయి ఉంటరు."

"1953. మంచు. కుడి మోకాలు వాపు. రెండు. స్టాన్, స్టాన్." నిరోష ఇంకో పేజీ మీదికి వంగింది. "1954 జూన్. సెలవు దొరకలేదు. జట్టు నేను లేకుండ పోయింది. గింతే రాసిండు. ఆ పేజీల ఇంకేం లేదు."

రోజ ఆ పేజీ వైపు వంగి చూసింది. యాభై మాటలు మాట్లాడి కాలెత్తి చూపే మామ దగ్గర ఎన్నడూ కనబడని మనిషి ఆ ఖాళీ పేజీలో కనబడ్డాడు. ఇంత తక్కువ మాట్లాడే మనిషికి ఇంత వాగుడుకాయ భక్తుడు ఎట్లా దొరికాడో అనుకుంది.

అమెరికా పేజీలు అయిపోయాయి. ఖేడ్ పేజీలు మొదలయ్యాయి. మొత్తం ఐదు. వాటిల్లో కుడివైపు అంచు పొడుగునా పాత క్యాలెండరు ముక్కలు అతికించి ఉంటాయి. అక్కడ చెదలు తిన్నదని, పేజీ చిరగకుండా అతుకు వేశానని లాజరు అందరికీ చెబుతాడు.

"ఆ ఐదు నాకిడిచిపెట్టు," అన్నాడు లాజరు ఉన్నట్టుండి. గొంతులో అరుపు లేదు. "అవి నేను ఆరవెట్టుకుంట. నువ్వు పోయి చాయ్ వెట్టు."

"నీ చేతులు వణుకుతయి మామా. చింపుతవ్."

"చింపితే చింపుత! నా కాపీ, నా ఇష్టం!"

ఇప్పటిదాకా ఒక్క అంచు ముడత పడినా ప్రాణం పోతుందన్నవాడు ఇప్పుడు చింపుతానంటున్నాడు. రోజ తలెత్తి చూసింది. లాజరు కళ్ళు ఆమె చేతి మీదే ఉన్నాయి. ఈలోగా అతుకుల కింద నానిన మైదా లై జిగురు తన పని తాను చేసుకుపోయింది. గాజుగుడ్డ లేపగానే క్యాలెండరు ముక్క దానికి అంటుకుని మెల్లగా పైకి వచ్చేసింది.

కింద చెదలు తిన్న గుర్తు ఒక్కటి లేదు. చక్కటి వరుస, జిమ్మీ, స్టాన్ ఉన్నచోటనే ఇంకో పేరు. పెన్సిల్ రాత అప్పుడే రాసినంత నల్లగా ఉంది. 1962 ఆగస్టు నాలుగు. రెండు. ఎడమ పక్కనుంచి, సంతోషమ్మ. ఎడమ పక్కనుంచి, సంతోషమ్మ.

రోజ రెండో ముక్క లేపింది, మూడోది లేపింది, మిగతావన్నీ లేపింది. అదే పేరు. మధ్యమధ్యలో పీటరు, కాలేబు. మళ్ళీ అదే పేరు. లాజరు అన్న పేరు ఎంత వెతికినా ఒక్కచోట లేదు.

అరుగు మీద కందికాయలు చిట్లే చప్పుడు ఆగిపోయింది.

"ఎన్నున్నయో లెక్కవెట్టు రోజా," అంది సంతోషమ్మ. "ముప్పై ఒకటి ఉండాలె."

నిరోష వేలు పెట్టి లెక్కపెట్టింది. ఐదు పేజీలూ చూసి, మళ్ళీ మొదటినుంచి చూసింది. "ముప్పై ఒకటే ఉన్నయ్ అవ్వా. అంటే... నువ్వా?"

"బకెట్ల ఏసింది గూడ నేనే," అంది సంతోషమ్మ. "పొల్లను అనకు లాజరూ. లై నీళ్ళల్ల నానితేనే ఊడుతది. ఇంకెట్లన్న లాగితే పేజీ చిరుగుతది. చిరిగితే దొర రాత పోతది."

"అక్కా, నీకు మతి పోయిందా?"

"మతి ఉండే ఏసిన. లై ఉడికిచ్చింది నేనే గద, నాకు తెల్వదా? మనూర్ నుంచి వచ్చిన కొత్తల. కాపీకి చెదలు వట్టింది అక్కా, ఇంత మైదా ఉడకవెట్టు అన్నవు. ఉడకవెట్టిన. నువ్వు అతికిచ్చేటప్పుడు సూసిన. నాకు ఇంగ్లీషు రాదు, నా పేరు మాత్రం గుర్తువట్టొస్తది. ఆట కాంగనే దొర సున్నపు గీత మీద కూసోని రాసేటోడు. సంతోష్, ఇగో సూడు అని వేలు వెట్టి సూపిచ్చేటోడు."

ఇన్ని మాటలు ఒక్కసారిగా ఆమె నోట రోజ ఎన్నడూ వినలేదు. డెబ్బై ఏడేళ్ళ మనిషి, ఒళ్ళో కందిగింజల చేట. ఆ చేటను తాను ఎన్నిసార్లు మాటా పలుకూ లేకుండా తెచ్చి ఒళ్ళో పడేసిందో గుర్తొచ్చి రోజకు తనమీద తనకే రోత పుట్టింది.

లాజరు తేరుకున్నాడు. ఆయన ఎప్పుడూ తొందరగానే తేరుకుంటాడు.

"అయితే ఏంది?" అన్నాడు. "గోల్ కొట్టిందెవరు? దొర. బంతి అందిచ్చుడు గూడ ఒక పనేనా? వంటింట్ల నీళ్ళందియ్యరా ఆడోళ్ళు? గట్లనే. గా దొర దొడ్డ మనసుతోని రాసుకున్నడు. రాసినంత మాత్రాన ఆటగత్తె అయితదా?"

"మరి యాభై ఏండ్ల నుంచి ఏ కాలు లేపుతున్నవ్ మామా?" అంది రోజ.



"దొర ఎసొంటోడో నన్నడుగు," అంది సంతోషమ్మ. "మంచోడే, కాని బద్దకస్తుడు. గోల్ ముందర బర్రె నిలవడ్డట్టు నిలవడేటోడు. ఎడమ పక్క నుంచి లంగా దోపుకొని ఉరికేది నేను, ముగ్గురిని తప్పిచ్చేది నేను. ఆయన కాలు ముందరికి తెచ్చి వెట్టేది గూడ నేనే. ఆయన తన్నేటోడు. తన్నుడు మాత్రం మస్తు తన్నేటోడు, అబద్ధమెందుకు. నువ్వేడున్నవు లాజరూ అప్పుడు? పదేండ్ల పోరనివి. బంతి తుమ్మ చెట్లల్ల పడితే ఏరుకొచ్చేటోనివి. అరికాళ్ళ ముండ్లు తీసింది నేనే గద."

గడప దగ్గర ఎవరో నవ్వారు. అందరూ తిరిగి చూశారు. నెహెమ్యా. అద్దం తుడిచే గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వుతున్నాడు. గోల్ తప్పిన ప్రతి సాయంత్రం ఇదే వాకిట్లో ఈల తాడుతో దెబ్బలు తిన్నవాడు. ఆటగాడి కడుపున పుట్టి మొద్దు అయ్యావురా అని పదహారేళ్ళొచ్చేదాకా విన్నవాడు. "బంతులేరేటోడా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నాయినా, నువ్వు బంతులేరేటోనివా?"

"నవ్వకురా సన్నాసి!"

అంతే. నవ్వు ఆగిపోయింది. నెహెమ్యా గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ నవ్వు ఇంకొక్క నిమిషం నిలిచి ఉంటే తన మొగుడి మీద కాస్త గౌరవం పుట్టేదేమో అనుకుంది రోజ. నిలవలేదు.

"నాకు దుక్కమొచ్చింది నా పేరు కప్పినందుకు గాదు," అంది సంతోషమ్మ, తమ్ముడినే చూస్తూ. "నేను ఆడుతున్న సంగతి అయ్యకు చెప్పినవు. దొర ముందర లంగా దోపుకొని ఉరుకుతుందని చెప్పినవు. ఎనిమిది రోజులల్ల నన్ను మనూర్ల ఇచ్చిండ్రు. చెప్పింది నువ్వేనని నాకు గప్పుడే తెలుసు. పసిపోరడు, పోనీ అనుకున్న. ఇయ్యాల డెబ్బై మూడేండ్లొచ్చినయ్. మల్ల గదే పని జేస్తున్నవు."

నల్లా కింద బకెట్లోకి ఒక్కో చుక్క పడుతోంది.

నిరోష లోపలికి పోయి కాగితం, పెన్ను తెచ్చి మంచం మీద తాత ముందు పెట్టింది. "చర్చిల అన్నవు గద తాతా. ఒక్క ఆడిదాని పేరు సూపియ్యుమన్నవు. ముప్పై ఒక్కసారి ఉన్నది."

లాజరు కాగితం వైపు చూశాడు, కాపీ వైపు చూశాడు, గోడ గడియారం వైపు చూశాడు. ఆరున్నర. ఆయన ముఖంలో సిగ్గేమైనా కనబడుతుందేమోనని రోజ వెతికింది. కనబడలేదు. సంతలో బేరానికి దిగినవాడి లెక్క మాత్రం కనబడింది.

"నేను సూపియ్యుమన్నది సంఘాన్ని," అన్నాడు. "సూసిందెవరు? మీరు. సంఘం సూడలే." పెన్ను తీసుకున్నాడు. మూత తీసి, కాగితం తొడ మీద పెట్టుకుని, పొడుగ్గా, వంకర లేకుండా సంతకం చేశాడు. తేదీ వేశాడు. "ఇగో. అయింది. తీస్కపో నీ హాస్టల్‌కు."

నిరోష చెయ్యి చాచింది. లాజరు కాగితం వదల్లేదు.

"ఒక్కటే మాట. ఆ ముక్కలు మల్ల అతకాలె. ఎట్లున్నయో గట్లనే, ఏడు గంటల లోపు. ఈ ముచ్చట గడప దాటొద్దు. ఫోన్ల ఆ మార్గరెట్‌తోని సుత అనొద్దు. అన్నరో, గదే నిమిషం కోచ్‌కు ఫోన్ జేస్త. ఆ దస్కతు నాది కాదు, పొల్ల దొంగ దస్కతు వెట్టిందంట. నా మాట కాదని దాన్ని గ్రౌండులకు రానిస్తడా?"

"నువ్వు మనిషివేనా మామా?" అంది రోజ.

"ఖేడ్ల నా పేరుకింత విలువుంది. గంగల కలుపుకోమంటవా?"

పేరు గొప్ప, ఊరు దిబ్బ అని రోజ నోటిదాకా వచ్చింది. నిరోష ముఖం చూసి మింగేసింది. పిల్ల కళ్ళు కాగితం చివరి సంతకం మీదే అతుక్కుని ఉన్నాయి.

"అక్కెర లేదు తాతా," అంది నిరోష. కానీ ఆ మాటలో బలం లేదు, అది ఆమెకూ తెలుసు, అందరికీ తెలుసు.

సంతోషమ్మ చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది.

"రోజా, మైదా డబ్బా ఏడున్నది?"

"పెద్దమ్మా, వద్దు."

"ఏడున్నదే? గ్యాసు ముట్టియ్యి. జల్దీ ఉడుకుతది." వంటింటి గడప దగ్గర ఆగి నిరోష వైపు తిరిగింది. "నువ్వు ఫార్వర్డ్ గద బిడ్డా? బంతి ముందరికొస్తే తన్నాలె. ఎవలిచ్చిండ్రని ఎనకకు సూస్తే డిఫెండర్ గుంజుకపోతడు. తీస్కో కాయితం."

నిరోష తాత చేతిలోంచి కాగితం లాక్కుని, నాలుగు మడతలు పెట్టి, సంచి పై అరలో పెట్టి జిప్పు లాగింది. ఆ జిప్పు చప్పుడు రోజకు నచ్చలేదు. కన్నకూతురే, తప్పు పట్టడానికి నోరు రాలేదు. అయినా నచ్చలేదు.

గిన్నెలో మైదా గుబగుబ ఉడికింది. సంతోషమ్మ మంచం అంచున కూర్చుని, చూపుడువేలితో లై తీసి ముక్కల వెనక పూసి, తన పేరు మీద తానే అతికించుకుంటూ పోయింది. ఎక్కడా వంకర రానివ్వలేదు. ఆఖరి ముక్క మీద అరచెయ్యి పెట్టి అదిమి, "అయింది," అని, చెయ్యి కొంగుకు తుడుచుకుని, అరుగు మీదికి పోయి చేట ఒళ్ళో పెట్టుకుంది. లాజరు చొక్కా తొడుక్కుని, ఈల బయటికి కనబడేలా సర్దుకున్నాడు.

రోజ ఫోన్ ఏడింటికి రెండు నిమిషాల ముందే మోగింది.

తెర మీద తెల్లజుట్టు ఆమె, వెనక కిటికీలో పొద్దుటి ఎండ. లాజరు గుడ్ మార్నింగ్ మేడం అన్నాడు, హౌ ఆర్ యూ అన్నాడు, అక్కడితో ఆయన ఇంగ్లీషు అయిపోయింది. ఫోన్ నిరోష పట్టుకుంది. రోజ ఒక్కో పేజీ తిప్పుతూ, అడిగినదానికి జవాబు చెబుతోంది. అమెరికా పేజీలన్నీ సాఫీగా సాగాయి. 1954 జూన్ పేజీ దగ్గర మార్గరెట్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

ఖేడ్ మొదటి పేజీ వచ్చింది.

"ఈ అంచున ఏమిటది? ఏదో అంటించినట్టుంది," అంది మార్గరెట్.

"టెర్మైట్, మేడం! టెర్మైట్!" అన్నాడు లాజరు వెనకనుంచి.

"అయ్యో," అంది ఆమె. "నాన్న ఆ వరుసలోనే బంతి అందించినవాళ్ళ పేర్లు రాసేవాడు. గోల్ ఎప్పుడూ ఇద్దరిదని ఆయన మాట. అందుకే మా క్లబ్బువాళ్ళు బోర్డు మీద రెండు పేర్లూ చెక్కిస్తామన్నారు. ఇండియాలో తనకు దొరికినంత మంచి ఎడమ కాలు ఇంకెక్కడా దొరకలేదని చనిపోయేముందు కూడా చెప్పాడు. పేరు మాత్రం నాకు గుర్తులేదు. కింద ఏమైనా కనబడుతుందేమో, కొంచెం చూస్తావా అమ్మా?"

"ఏమంటుంది?" అన్నాడు లాజరు. ఆయన చెయ్యి అప్పటికే జేబులోని తన ఫోన్ మీద ఉంది.

నిరోష కాళ్ళ మధ్య సర్దిన సంచి ఉంది. మార్గరెట్ మాటలన్నీ పిల్లకు అర్థమయ్యాయి. పిల్ల ముఖం పాలిపోయి ఉంది. అరుగు మీద కందికాయలు చిట్లే చప్పుడు మళ్ళీ మొదలైంది, ఒకటి తర్వాత ఒకటి, తొందర లేకుండా.

రోజ బొటనవేలు క్యాలెండరు ముక్క అంచు మీద ఉంది. లై ఇంకా ఆరలేదు.